మిరప షెడ్డులో మల్లెల వాసన

"అది కవిత్వం అని చెప్పు జహీరా. ఒక్క మాట. ఎవరి సొమ్మూ పోదు," అన్నాడు మొహిద్దీన్ బాషా. పొద్దుటి నుంచి ఈ మాట అనడం నాలుగోసారి.

జహీరున్నీసా ముందు టీ చల్లారి మీద తొరక కట్టింది. పక్కనే వారపత్రిక తెరిచి ఉంది, నిన్న సాయంత్రం కాబోయే వియ్యంకుడు జాన్ బాషా ఎలా పెట్టి వెళ్ళాడో అలాగే. దాన్ని మడిచే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేకపోయింది. దాని పక్కన పెళ్ళికార్డుల కట్ట. పై శుక్రవారం నిఖా. మధ్యలో ఎనిమిది రోజులు.

"నాన్నా, నువ్వు కాసేపు ఊరుకో," అంది నస్రత్. "అమ్మా, నువ్వు చెప్పు. ఇచ్చావా? ఇవ్వలేదా?"

"ఇచ్చాననే అనుకుంటున్నాను."

"అనుకోవడం ఏంటమ్మా! బిడ్డకి పాలివ్వడం కూడా అనుకునే సంగతా?"

ఇద్దరు పిల్లల్ని పెంచి పెద్ద చేసిన ఆడమనిషి దగ్గర ఈ ప్రశ్నకు జవాబు లేకపోవడం వింతే. కానీ లేదు.

పత్రికలో ఒక పేరా కింద జాన్ బాషా నీలం పెన్నుతో గీత గీశాడు. గీత ఎంత గట్టిగా గీశాడంటే కాగితం ఒక చోట చిరిగింది.

'ఆ వేసవిలో రంజాన్‌బీకి కామెర్లు. గుంటూరు ఆస్పత్రిలో ఉంది. ఆమె రెండు నెలల కొడుకును అమ్మమ్మ రోజూ మిరప షెడ్డుకు తెచ్చి మా పిల్లల ఉయ్యాలలో వేసేది. కారం గాలికి వాడు కెవ్వుమంటే నేనే ఎత్తుకుని పాలిచ్చాను. ఒక రొమ్ము నా అఫ్రోజ్‌కి, ఒక రొమ్ము వాడికి. అంత ఘాటులోనూ ఎక్కణ్ణుంచో మల్లెల వాసన.'

రంజాన్‌బీ పోయి నాలుగేళ్ళయింది. ఆమె రెండు నెలల కొడుకుకు ఇప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు. తుళ్లూరు వైపు కట్టడాల్లో ఇంజనీరు. పేరు వాసిం. పెళ్ళికార్డు మీద నస్రత్ పేరు పక్కన ఉన్నది ఆ పేరే.

జాన్ బాషా నిన్న కూర్చోలేదు. మంచినీళ్ళు ఇస్తే తాగలేదు. గుమ్మంలో నిలబడే చెప్పాడు.

"ఇమాం గారిని అడిగి వచ్చాను చెల్లెమ్మా. ఒక తల్లి దగ్గర పాలు తాగిన పిల్లలు తోబుట్టువులే అన్నారు. ఎప్పుడు తాగినా, ముందూ వెనకా తాగినా అంతే. ఒక్కసారి తాగినా అంతే. ఆ తల్లిది ఏ మతమైనా అంతే. వాళ్ళకి నిఖా చెల్లదు. మీరు రాసింది నిజమైతే వాసింకి మీరు తల్లి, నస్రత్ చెల్లెలు. నిజం కాకపోతే ఆ మాట చెప్పండి, నేను నమ్ముతాను. రేపు సాయంత్రం దాకా ఆగుతాను."

నమ్ముతాను అన్నాడు. అదే జహీరున్నీసాని ఎక్కువ భయపెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఈ సంగతి ఇన్నాళ్ళూ ఇంట్లో ఎవరికీ ఎందుకు తట్టలేదని లోకం అడుగుతుంది. అడగనీ. ఆమె 'ఉయ్యాల' అనే కవిత రాసి ఇరవై ఏళ్ళు. గుంటూరులో చదివింది, ఒంగోలులో చదివింది, చిలకలూరిపేటలో చదివి శాలువా కప్పించుకుంది. అందులో బిడ్డకు పేరు లేదు, 'ఎవరి కన్నబిడ్డడో' అని ఉంది. ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చు గనకే ఎవరూ దాన్ని వినడం మానేశారు. పోయిన వర్షాకాలం ఆత్మకథ రాస్తూ, కవితలో దాచినా ఇందులో దాచకూడదని నిజాయితీగా పేరు రాసింది. అప్పటికి ఈ సంబంధం ఊసే లేదు. సంబంధం వచ్చేసరికి ఆ భాగం ఆమె చెయ్యి దాటి పత్రిక వాళ్ళ దగ్గరకు వెళ్ళిపోయింది.

రాసిన కాగితాల్ని ఫోన్లో టైప్ చేసి పంపింది నస్రతే. ఆ సంగతి తలుచుకుని పొద్దున ఒకసారి గోడకు నుదురు ఆనించి నిలబడింది పిల్ల.

"చూడు," మొహిద్దీన్ బాషా కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు. ఆయనకు పరుపుల కొట్టు. ముప్ఫై ఏళ్ళుగా దూది పని, ఎప్పుడూ కనుబొమల మీద ఒకటో రెండో దూది పోగులు ఉంటాయి. "నువ్వు రాసేవన్నీ జరిగినవేనా? ఎన్నిసార్లు నువ్వే నాతో అన్నావు, కవి కొంచెం కలుపుతాడు అని. మొన్న నా గురించి రాశావు, పెళ్ళినాడు కొత్త పరుపు మోసుకుంటూ నడిచి వచ్చానని. నేను రిక్షాలో వచ్చాను. ఏమన్నా అన్నానా?"

"అది వేరు."

"ఏం వేరు? అదీ అబద్ధమే, ఇదీ అబద్ధమే అనుకో."

"ఇది అబద్ధమో కాదో తెలియడం లేదండీ. అదే నా బాధ. నిన్నటి నుంచి ఆ షెడ్డు గుర్తు చేసుకుంటున్నాను. గోనె సంచులు గుర్తున్నాయి. ఉయ్యాల చీర రంగు గుర్తుంది. ఆ బిడ్డని ఎత్తుకున్నది గుర్తు చేసుకోబోతే కవితలో లైన్లు వస్తున్నాయి. వాడి బరువు రావడం లేదు. లైన్లే వస్తున్నాయి."

మొహిద్దీన్ బాషాకి ఇది అర్థం కాలేదు. అర్థం కాలేదని ఒప్పుకోవడం కూడా ఆయనకు ఇష్టం లేదు. లేచి వెళ్ళి కార్డుల కట్టకు రబ్బరుబ్యాండు తీసి మళ్ళీ వేశాడు.

"అయితే మరీ మంచిది. గుర్తులేని దానికి లేదనే చెప్పు," అన్నాడు.

నస్రత్ తల్లి వైపే చూస్తోంది. ఆ చూపులో అడిగేది ఏమిటో జహీరున్నీసాకి తెలుసు. నోరు తెరిచి అడగదు. ఈ పిల్ల ఒక సంబంధం కుదిరి తప్పిపోయినప్పుడు కూడా ఏడవలేదు. వాసింతో మాట్లాడడం మొదలుపెట్టాక మొదటిసారి వంటింట్లో కూనిరాగం తీస్తూ కనిపించింది.

ఫోను మోగింది. జాన్ బాషా అనుకుని ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. కాదు, పత్రిక సంపాదకురాలు జ్యోతిర్మయి.

"మేడమ్, మొన్నటి భాగానికి ఎన్ని ఉత్తరాలో! ఆ షెడ్డు సీను చదివి మా ప్రూఫ్‌రీడర్ ఏడ్చేశాడండి. వచ్చే భాగం శనివారానికల్లా ఇస్తారుగా?"

జహీరున్నీసా లేచి వరండాలోకి వెళ్ళింది. తలుపు దగ్గరగా వేసింది.

"జ్యోతిర్మయి గారూ, ఒకటి అడుగుతాను. ఆ షెడ్డు ఘట్టం కల్పితం అని చిన్న వివరణ వేయగలరా?"

"కల్పితమా అండీ?"

"కావచ్చు."

"వేయొచ్చు మేడమ్. మీరు రాసిస్తే వేస్తాం." సంపాదకురాలి గొంతులో వెచ్చదనం తగ్గింది. "కానీ ఇది ఆత్మకథ కదండీ. ఒక్కటి కల్పితం అంటే మిగతావన్నీ ఏమవుతాయి? షెడ్డు మేస్త్రీ మీద మీరు చెయ్యి చేసుకున్నది? టీచరుగా వెళ్ళిన ఊళ్ళో మీకు అద్దె ఇల్లు ఇవ్వనిది? జనం ఇన్నాళ్ళూ నమ్మి చదివారు. ఆలోచించుకుని చెప్పండి."

ఫోను పెట్టేశాక జహీరున్నీసా వరండా కటకటాలు పట్టుకుని నిలబడింది. మిరప షెడ్డులో తొడిమలు తీసే కూలీ తెలుగు టీచరైంది. ఆ టీచరు కవయిత్రి అయింది. ఎవరి దయా లేకుండా, రాసింది నిజం అన్న ఒక్క ధీమాతో ఇంతదూరం వచ్చింది. దాన్ని వదులుకోమంటున్నారు. వదులుకోవచ్చు. కూతురి కోసం అదెంత? కానీ నిజంగా పాలిచ్చి ఉండి, ఇవ్వలేదని చెప్పి అన్నాచెల్లెళ్ళకి పెళ్ళి చేస్తే?

తలుపు తీసింది.

"నస్రత్, స్కూటీ తియ్యి. ప్రత్తిపాడు వెళ్దాం. గురవమ్మ వదినని అడుగుదాం."

"ఎవరూ, షెడ్డులో నీతోపాటు పనిచేసిన అత్తేనా?"

"ఆ ఉయ్యాల కట్టింది ఆవిడే."

మొహిద్దీన్ బాషా అడ్డం తగిలాడు. "ఎందుకు వెళ్ళడం? ఆవిడ ఇచ్చావని అంటే ఏం చేస్తావు?"

జహీరున్నీసా చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. ఆ ప్రశ్నకి ఆగితే ఇంక కదలలేనని ఆమెకు తెలుసు.

ఊరు దాటగానే గాలిలో కారం తగిలింది. రోడ్డుకు రెండు వైపులా కల్లాలు. కోసిన మిరపకాయలు ఎకరాల కొద్దీ నేల మీద ఆరబోసి ఉన్నాయి. మధ్యమధ్య పీకేసిన పత్తి కట్టె కుప్పలు. నస్రత్ హెల్మెట్ లోపల రెండుసార్లు తుమ్మింది. ప్రత్తిపాడు పొలిమేరలో నస్రత్ బండి నెమ్మది చేసింది.

"అమ్మా, ఆవిడ ఏం చెబితే అదే నాకూ చెప్తావుగా? నా మొహం చూసి మార్చవుగా?"

"మార్చను."

ఆ మాట ఇచ్చేసింది. ఇచ్చినప్పుడు అదేమంత కష్టంగా అనిపించలేదు.

గురవమ్మ ఇంటి పక్క కల్లం మీదే ఉంది. పరదా నీడన చాప వేసుకుని, రాశిలోంచి తెల్లబారిన తాలు కాయలు ఏరి పక్కన వేస్తోంది. అరవై దాటింది. ఒక కంటికి ఆపరేషన్ అయి నల్లద్దాలు పెట్టుకుంది. ఆ అద్దాలతో తాలు ఎలా కనిపిస్తోందో ఆవిడకే తెలియాలి. వేళ్ళు మాత్రం తప్పు చేయడం లేదు.

"ఎవురదీ? పంతులమ్మా!" గురవమ్మ నవ్వింది. "ఇప్పటికి గుర్తొచ్చానా? ఇదెవరు, నస్రతా? ఎంతదానివయ్యావే! రా, రా. దగ్గరికి రాబాకు, నా చేతులు మంట. అట్టా మంచం మీద కూచో."

"బావున్నావా వదినా? బుల్లయ్య అన్నయ్య ఏడీ?"

"మిర్చి యార్డుకి పోయాడు. మా కోటేష్ బండెక్కించుకుని తీసకపోయాడు. ఏం తింటారు? ఎండన పడొచ్చారు."

నస్రత్ మంచం అంచున కూర్చుంది. కూర్చున్న రెండు నిమిషాలకే ఆమె ఫోను మోగింది. తెర చూసి తల్లి వైపు చూసింది. "వాసిం," అంది పెదాలతోనే. లేచి రోడ్డు వైపు నడిచింది. మాట వినపడని దూరం వెళ్ళి, అక్కడున్న ట్రాక్టర్ ట్రక్కు పక్కన నిలబడింది.

జహీరున్నీసా చాప మీద కూర్చుని తనూ ఒక గుప్పెడు కాయలు దగ్గరకు తీసుకుంది. ఇరవై అయిదేళ్ళు దాటినా వేళ్ళకు పని గుర్తుంది. ఎర్రవి ఇటు, తాలు అటు. వచ్చిన పని చెప్పడానికి సిగ్గేసింది. తన బిడ్డకు కాబోయే మొగుడికి తను పాలిచ్చిందో లేదో ఇంకొకర్ని అడగడానికి ఎవరికి సిగ్గేయదు?

"పుస్తకం రాస్తున్నాను వదినా. మన షెడ్డు గురించి. ఒకటి సరిగ్గా గుర్తు రావడం లేదు."

"నాకు గుర్తుండేదేముంది. అడుగు."

"రంజాన్‌బీకి కామెర్లొచ్చి ఆస్పత్రిలో ఉంది చూడు. వాళ్ళమ్మ ఆ పసివాణ్ణి తెచ్చి మన ఉయ్యాలలో వేసేది. వాడు ఏడిస్తే నేను పాలిచ్చేదాన్ని కదూ?"

గురవమ్మ వేళ్ళు ఆగాయి.

"నువ్వా? నీకు పాలెక్కడియ్యే అప్పుడు?"

"అఫ్రోజ్ చంటిపిల్లాడు కదా వదినా. నాలుగు నెలలు."

"చంటోడే. నీకు టైఫాయిడ్. బిడ్డకి పాలియ్యొద్దని డాక్టరు చెప్పాడు. ఆ పసోడొచ్చిన పది రోజులూ లేవలేకపొయ్యావు. పని పోద్దని ఇంట్లో ఉండకుండా వచ్చేదానివి. వచ్చి ఉయ్యాల పక్కన గోనె సంచుల మీద పడి మూలిగేదానివి. నీ వాటా కూడా పున్నమ్మా నేనూ తొడిమలు తీసేవాళ్ళం."

"టైఫాయిడ్ మరుసటేడు కదా?"

"మరుసటేడు నువ్వసలు షెడ్డుకి రాలా. పుట్టింట్లో ఉండి ఏందో పరీక్షకి చదువుకున్నావు."

నిజమే. జహీరున్నీసాకి గోనె సంచుల గరుకు చెంపకు తగిలినట్టైంది. ఒంట్లో వేడి. పైన రేకుల కప్పు. పక్కన చీర ఉయ్యాల. ఎదురుగా ఎవరో బాసిపట్టు వేసుకుని, ఒడిలో ఇద్దరు పిల్లలతో. ఇన్నాళ్ళూ ఆ కూర్చున్నది తనే అనుకుంది. తను పడుకుని చూస్తోంది.

"మరి ఎవరిచ్చారు వదినా?"

గురవమ్మ నల్లద్దాలు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. ఒక తాలు కాయను ఎర్రవాటిలో వేసి, చూసుకుని, మళ్ళీ తీసి పక్కన పెట్టింది.

"నా బిడ్డ పొయ్యి పదకొండు దినాలు," అంది.

ఆ బిడ్డ సంగతి జహీరున్నీసాకి తెలుసు. ఇరవై రోజులు బతికింది. ఆడపిల్ల. పేరు కూడా పెట్టలేదు.

"పాలు ఇంకిపోవాలని మా అత్త మల్లెమొగ్గలు తెప్పించి గుడ్డలో మూటగట్టి రొమ్ములకి కట్టింది. రోజూ కొత్తవి. ఆ కట్టుతోనే పనికొచ్చా. ఇంట్లో ఉంటే పిచ్చెక్కేట్టుంది మరి. ఆ పసోడు కెవ్వుమన్నాడు. నీ వాడూ అందుకున్నాడు. నాకు రైక మొత్తం తడిసిపోయింది జహీరా. నేనేం చెయ్యను? కట్టు ఇప్పి అవతల పారేశా. ఇద్దర్నీ ఒళ్ళో వేసుకున్నా."

మల్లెల వాసన. 'ఉయ్యాల' కవితలో ఆ ఒక్క మాట మీద ఒంగోలు సభలో ఒక లెక్చరర్ అరగంట మాట్లాడాడు. కారపు బతుకులో మాతృత్వపు పరిమళం అన్నాడు. ఆ మాట ఎలా తట్టిందని అడిగితే, అలా వచ్చేసిందండీ అంది జహీరున్నీసా. అందరూ చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. ఆ వాసన బిడ్డను పోగొట్టుకున్న ఒక తల్లి రొమ్ముకు కట్టిన మూటది.

ఆమెకు ఏడుపొచ్చింది. సిగ్గుతో వచ్చిన ఏడుపు అది. కారం చేత్తో కళ్ళు తుడుచుకోకూడదని అప్పటికి గుర్తొచ్చి, మోచేత్తో తుడుచుకుంది.

"నాకు చెప్పలేదేం వదినా? మన ఊళ్ళో సభ పెట్టినప్పుడు ఆ కవిత చదివాను. ముందు వరసలో కూచున్నావు. నేనిచ్చాను, నేనిచ్చాను అని అంతమందిలో చదువుతుంటే లేచి చెప్పెయ్యాల్సింది కదా."

"ఎందుకు చెప్తా? నాకు హాయిగానే ఉండింది." గురవమ్మ నిజంగానే నవ్వింది. "బిడ్డ పొయ్యి పట్టుమని పక్షం కాలా, ఇంకోళ్ళ బిడ్డలకి పాలిచ్చిందని మా అత్తకి తెలిస్తే బతకనిచ్చేదా? ఉన్నన్నాళ్ళూ భయపడతానే ఉన్నా. నువ్వు నీదని పద్యం గట్టి చదివినాక, పోన్లే, ఇంక నన్నెవరూ అడగరనుకున్నా."

"ఇప్పుడు రాస్తాను. నీ పేరుతో రాస్తాను."

"రాసుకో. మా అత్త పోయిందిగా."

జహీరున్నీసాకి ఒంట్లో నిన్నటి నుంచి బిగిసి ఉన్నదేదో వదిలింది. తను ఇవ్వలేదు. వాసిం తన బిడ్డ కాడు. నిఖాకు అడ్డం లేదు. పరువు పోతే పోయింది, శనివారానికి కొత్త భాగం రాసి పంపిస్తుంది. ఇరవై ఏళ్ళు ఇంకొకరి పాలను నావని చెప్పుకున్నానని రాస్తుంది. నవ్వేవాళ్ళు నవ్వుతారు. రాస్తే అంతకంటే మంచి భాగం ఇంకోటి ఉండదని కూడా ఆమెకు లోపల తట్టింది. ఇంత గండంలోనూ అది తట్టినందుకు తనను తానే తిట్టుకుంది.

రోడ్డు మీద నస్రత్ ఫోన్లో మాట్లాడుతూ చెప్పు కాలితో మట్టిని గీస్తోంది. దాన్ని పిలవాలని జహీరున్నీసా చెయ్యెత్తబోయింది.

"నస్రత్ పెళ్ళంట గదా? కోటేష్ ఏందో ఫోన్లో కార్డు చూపించాడు, నాకు కళ్ళు ఆనలా. పిల్లోడు ఎవరు?" అంది గురవమ్మ.

"ఆ పసివాడే వదినా. రంజాన్‌బీ కొడుకు."

"ఓయమ్మా!" గురవమ్మ రెండు చేతులూ ఎత్తింది. మొహమంతా వెలిగిపోయింది. "ఎంత మంచి మాట చెప్పావే! నా పాలు తాగినోళ్ళిద్దరూ ఒక ఇంటివాళ్ళవుతున్నారన్నమాట."

జహీరున్నీసా ఎత్తబోయిన చెయ్యి ఒళ్ళో పడింది.

"ఇద్దరూ అంటే... అఫ్రోజూ, వాసిమా?"

"అఫ్రోజ్‌తో నాకేం పని ఇప్పుడు? నస్రతే. నువ్వు ట్రైనింగు పరీక్షలని గుంటూరు పోలా? మూడు దినాలు నా దగ్గర వదిలి పొయ్యావు, పాల సీసా ఇచ్చి. ఆ సీసా దగ్గరికి రానిస్తేగా నీ కూతురు! ఒకటే ఏడుపు. అప్పటికి మా కోటేష్ చంకలో పిల్లోడు, నాకు కావలసినన్ని పాలు. మూడు దినాలూ నేనే ఇచ్చా. సీసా పాలు పిల్లికి పోశా. నువ్వు చిన్నబుచ్చుకుంటావని చెప్పలా."

కల్లం మీద ఎండ కాస్తూనే ఉంది. ఎక్కడో ట్రాక్టర్ నడుస్తోంది. జహీరున్నీసాకి ఇమాం గారి మాటలు జాన్ బాషా గొంతులో వినపడ్డాయి. ముందూ వెనకా తాగినా అంతే. ఒక్కసారి తాగినా అంతే. ఆ తల్లిది ఏ మతమైనా అంతే.

మూడు రోజులు.

"వదినా," అంది. "ఈ మాట ఇంకెవరికన్నా తెలుసా?"

"ఎవరికి తెలుస్తది? నాకూ, ఆ పిల్లికీ." గురవమ్మ పకపకా నవ్వింది. "అట్టా అయిపోయావేందే? కోపమొచ్చిందా? పాతికేళ్ళయింది, ఇప్పుడా కోపం?"

నస్రత్ వస్తోంది. దాదాపు పరిగెత్తుతూ వస్తోంది. ఫోను చేతిలో పట్టుకుని మైకు మీద బొటనవేలు అదిమింది.

"అమ్మా, వాసిం ఫోను వాళ్ళ నాన్నకిచ్చాడు. ఆయన లైన్లో ఉన్నారు. ఇక్కడికి వచ్చామని చెప్పేశాను. అత్తా, చెప్పండి! ఆ రోజుల్లో వాసింకి అమ్మ పాలిచ్చిందా?"

"మీ అమ్మా? లేదే తల్లీ," అంది గురవమ్మ. "మీ అమ్మ అప్పుడు జ్వరంతో పడుంది. ఒక్క చుక్క ఇయ్యలా."

నస్రత్ మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చేసింది. సంబంధం తప్పినప్పుడు ఏడవని పిల్ల, వెక్కిళ్ళు పెట్టి ఏడ్చింది. గురవమ్మ కంగారుపడి దాన్ని దగ్గరకు తీసుకోబోయి, చేతులు కారమని గుర్తొచ్చి, మణికట్టుతో జుట్టు సవరించింది. "ఏందే ఇది, పెళ్ళికూతురు ఏడవొచ్చా?" అంది. ఆ పిల్ల ఆమె భుజంలో మొహం దాచుకుంది. పాతికేళ్ళ కిందట ఈ ఒడిలోనే మూడు రోజులు పడుకుని ఉంటుంది.

కాసేపటికి నస్రత్ తలెత్తి ఫోను తల్లికి అందించింది. కళ్ళు తడిగా ఉన్నాయి, నోరు నవ్వుతోంది.

"నువ్వే చెప్పమ్మా. నీ నోటితో వినాలంటున్నారు. ఇవ్వలేదు అని ఒక్క మాట చెప్పు చాలు."

ఒక్క మాట. పొద్దున మొగుడు అడిగిందీ అదే. పొద్దున అది అబద్ధమేమోనని నోరు రాలేదు. ఇప్పుడది నిజం, ఏ ఇమాం ముందైనా ప్రమాణం చేయగల నిజం. అది చెబితే చాలు, ఎనిమిది రోజుల్లో ఈ నవ్వుకి నిఖా అయిపోతుంది. జహీరున్నీసా బతుకులో ఏ నిజానికీ ఇంత భయపడలేదు.

ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.

"అన్నయ్యా, నేను వాసింకి పాలు ఇవ్వలేదు."

అవతల జాన్ బాషా పెద్దగా ఊపిరి వదలడం వినిపించింది. "అల్‌హమ్దులిల్లా," అన్నాడు. "బతికించారు చెల్లెమ్మా. నిన్నటి నుంచి అన్నం సయించలేదు. ఆ పది రోజులూ నేను ఆస్పత్రిలోనే ఉన్నాను, నాకేం తెలుసు? మీరు కాకపోతే వాణ్ణి బతికించిన ఆ తల్లి ఎవరో చెప్పండి. మొదటి కార్డు ఆమెకే ఇస్తాను."

జహీరున్నీసా కళ్ళెత్తింది. నస్రత్ ఇంకా నవ్వుతూనే ఉంది. మార్చను అని పొలిమేరలో ఇచ్చిన మాట ఆ పిల్ల మరిచిపోయినట్టుంది.

"ఏమంటున్నాడు జాన్ బాషా? ఎవరిచ్చారంటున్నాడా?" గురవమ్మ చాప మీంచి లేచి, కొంగుకు రెండు చేతులూ బాగా తుడుచుకుంది. "ఇటియ్యి ఫోను. పెళ్ళికొడుకు నాన్నకి అంతా నేను చెప్తాలే."